మాట్‌ల్యాబ్: వానల గ్రిడ్ డేటాకు రాసిన మూడు లూపుల స్క్రిప్టును బాగుచేయడం ఎలా?

వానలెక్క:
భారత వాతావరణ శాఖ 0.25 డిగ్రీల రోజువారీ వర్షపాతం బైనరీ ఫైళ్ళతో పని చేస్తున్నాను. ఏడాదికో ఫైలు, రోజుకు 135 రేఖాంశాలు, 129 అక్షాంశాలు, డేటా లేనిచోట -999. 50 ఏళ్ళకు ప్రతి గ్రిడ్ దగ్గరా రెండు లెక్కలు కావాలి: ఏడాదిలో వాన పడిన రోజులు (2.5 మి.మీ. లేదా అంతకు మించి), వరసగా వాన లేని రోజుల్లో అతి పొడవైన విరామం. ఇప్పుడున్నది మాట్‌ల్యాబ్ (లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష)లో రాసిన ఒకే పెద్ద స్క్రిప్టు. పైన ‘క్లియర్ ఆల్’, కింద కొన్ని గ్లోబల్స్ (ప్రోగ్రాంలో ఎక్కడినుంచైనా వాడగల వేరియబుల్స్), తర్వాత రేఖాంశం, అక్షాంశం, రోజు అంటూ మూడు ఫర్ లూపులు. ఫలితాన్ని ‘ఎండ్+1’తో చివర తగిలిస్తూ పోతుంది. గంటలు పడుతోంది, మెమరీ నిండిపోతోంది. లూపులన్నీ తీసేయాలా?

మాతృక:
లూపుల సంగతి తర్వాత. ముందు ఒక ఏడాదికి ఇప్పటి స్క్రిప్టు ఇచ్చే ఫలితాన్ని మ్యాట్ ఫైలుగా దాచిపెట్టండి. ఏం మార్చినా దానితో పోల్చి చూసుకోవాలి. పోల్చడానికి ‘ఈజ్‌ఈక్వల్’ కాదు, ‘ఈజ్‌ఈక్వల్‌ఎన్’ వాడండి. మొదటిదాని దృష్టిలో నాన్ (డేటా లేనిచోట పెట్టే ‘సంఖ్య కాదు’ అనే గుర్తు) మరో నాన్‌కు సమానం కాదు కాబట్టి సముద్రం మీద ఒక్క గడి ఉన్నా తప్పనే చెబుతుంది.

ఆ తర్వాత ప్రొఫైలర్ (ఏ లైనుకు ఎంత సమయం పడుతోందో చూపే సాధనం) పెట్టి చూడండి. ‘ఎండ్+1’ ఉన్న లైను పైన కనిపించే అవకాశం ఎక్కువ. అరే (సంఖ్యల పట్టిక) పెరిగినప్పుడల్లా కొత్త చోటు వెతికి పాతదంతా కాపీ చేయాల్సి వస్తుంది. ఫలితం సైజు 135 × 129 × 50 అని ముందే తెలుసు కదా, ‘నాన్(135, 129, 50, "సింగిల్")’ అని మొదట్లోనే తీసి పెట్టుకోండి. ‘క్లియర్ ఆల్’ తీసేయండి. అది వేరియబుల్స్‌తో ఆగదు, మెమరీలో ఉన్న ఫంక్షన్లనూ చెరిపేస్తుంది, వాటిని మళ్ళీ లోడ్ చేయాలి.

మెమరీ నిండడానికి కారణం ఫైలు చదివే ‘ఎఫ్‌రీడ్’ కావచ్చు. ‘సింగిల్’ అని మాత్రమే రాస్తే ఫైల్లో 4 బైట్లున్న సంఖ్య చేతికి 8 బైట్ల డబుల్‌గా వస్తుంది. ముందు నక్షత్రం గుర్తు పెట్టి ‘*సింగిల్’ అని రాయండి. 50 ఏళ్ళ డేటా సుమారు 2.5 జీబీ నుంచి 1.3 జీబీకి దిగుతుంది. అసలు అంతా ఒకేసారి తెరవడమే అనవసరం, ఏడాది ఫైలు సింగిల్‌లో 25 ఎంబీయే.

గోదారిగట్టు:
మాతృక గారు చెప్పినదానికి కొనసాగింపు. ఆర్2015బీ వెర్షన్ నుంచి మాట్‌ల్యాబ్‌లో లూపు అంత నెమ్మది కాదు, కనుక అన్నీ తీసేయక్కర్లేదు. (మాట్‌ల్యాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్‌లో నడిపేవాళ్ళకు ఈ మాట వర్తించదు, అక్కడ లూపు ఇప్పటికీ భారమే.) ఏ లూపు ఉంచాలన్నదే ప్రశ్న. ఇక్కడ రోజుల లూపు ఒక్కటి ఉంచి, గ్రిడ్ లూపులు రెండూ తీసేయండి (‘పొడి’ అంటే వాన లేని రోజుకు 1, వాన రోజుకు 0 ఉన్న అరే):

ప్రస్తుతం = (ప్రస్తుతం + 1) .* పొడి(:,:,రోజు);
గరిష్ఠం = మ్యాక్స్(గరిష్ఠం, ప్రస్తుతం);

పొడి రోజైతే లెక్క ఒకటి పెరుగుతుంది, వాన పడితే సున్నాతో గుణించి మళ్ళీ మొదలవుతుంది. ఈ రెండు లైన్లు 365 సార్లు తిరిగితే 17,415 గడుల పనీ అయిపోతుంది. ‘(:,:,రోజు)’ మెమరీలో వరసగా ఉన్న ముక్క, ఎందుకంటే మాట్‌ల్యాబ్ మొదటి సూచికను ముందు నడుపుతుంది. ఫైల్లోనూ రేఖాంశమే ముందు మారుతుంది కాబట్టి ‘రీషేప్(వాన, 135, 129, [])’ చాలు. లీపు ఏడాది 366 కూడా దానంతటదే సర్దుకుంటుంది. మ్యాపు గీసేటప్పుడు మాత్రం తిప్పి, ‘యాక్సిస్ ఎక్స్‌వై’ పెట్టాలి, లేకపోతే కన్యాకుమారి పైకి పోతుంది.

ఒక గొయ్యి ఉంది, చూసుకోండి. -999ని నాన్ చేశాక ‘వాన >= 2.5’ అంటే నాన్‌కు ఫాల్స్ వస్తుంది. ‘పొడి’ దానికి వ్యతిరేకం కనుక సముద్రమంతా 365 రోజుల కరువు చూపిస్తుంది. ‘ఆల్(ఈజ్‌నాన్(వాన), 3)’తో ముసుగు (ఏడాదంతా డేటా లేని గడుల గుర్తు) తయారుచేసి, చివర ఆ గడుల్లో రెండు ఫలితాలనూ నాన్ చేయండి.

వానలెక్క:
అద్భుతం, ధన్యవాదాలండీ. ఏళ్ళను ‘పార్‌ఫర్’లో (లూపు పనిని పలు కోర్లకు పంచే ఫర్) పెడితే ఇంకా వేగం వస్తుందా? గ్లోబల్స్ స్థానంలో ఏం పెట్టాలి?

మాతృక:
ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. జనవరి 1న ‘ప్రస్తుతం’ సున్నా చేస్తున్నారా? తెలంగాణలో పొడి కాలం సాధారణంగా డిసెంబరు దాటి ఎండాకాలం దాకా సాగుతుంది. అక్కడ తెంపితే అసలు పొడవైన విరామమే రెండు ముక్కలై, రెండేళ్ళకూ తప్పు సంఖ్య పడుతుంది. కలిపి లెక్కించాలంటే నిరుటి ‘ప్రస్తుతం’ ఈ ఏడాదికి అందాలి. అలా అందితే ఏళ్ళు ఒకదానిమీద ఒకటి ఆధారపడతాయి, ‘పార్‌ఫర్’ కుదరదు. జూన్ 1 నుంచి మే 31 దాకా ఒక ఏడాది అనుకుంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది, అప్పుడు పెట్టొచ్చు. కానీ లెక్క ఇంత తేలికయ్యాక సమయం ఎక్కువగా ఫైలు చదవడానికే పోతుంది, అందుకు కావాల్సిన పూల్ (పని పంచుకునే ప్రాసెస్‌ల గుంపు) తెరిచే ఖర్చు కూడా రాకపోవచ్చు. ‘టైమ్‌ఇట్’తో కొలిచాకే నిర్ణయించుకోండి.

గ్లోబల్స్ బదులు మూడు ఫంక్షన్లు, మూడు ఫైళ్ళు: ఒకటి చదివి నాన్ వేసేది, ఒకటి వాన రోజులు లెక్కించేది, ఒకటి విరామం చూసేది. మూడోది ‘ప్రస్తుతం’ను ఇన్‌పుట్‌గా తీసుకుని, కొత్తదాన్ని అవుట్‌పుట్‌గా ఇవ్వాలి. 2.5ను లోపల పాతిపెట్టకండి, ‘ఆర్గ్యుమెంట్స్’ బ్లాకులో (ఆర్2019బీ నుంచి ఉంది) డిఫాల్ట్ విలువగా రాస్తే రేపు 1 మి.మీ.తో చూడాలన్నా కోడు ముట్టుకోనక్కర్లేదు. విరామం ఫంక్షన్‌కు పది రోజుల చిన్న అరే ఒకటి చేత్తో తయారుచేసి పరీక్ష పెట్టండి: అందులో ఒక గడి పూర్తిగా నాన్, ఒక గడిలో పదో రోజు దాకా పొడి.