ఏసీ లేని స్టూడియోకి ఇంటెలా, ఏఎండీయా?

టెక్కలి ఫోటోలు:
నమస్కారం అండీ. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ నా పని. ఎడిట్ చేసిన వీడియోని చివరి ఫైలుగా తీసే రెండర్ దగ్గర పాత సిస్టమ్ ఇక లాగడం లేదు. ఒకాయన ఇంటెల్ 14900కె ప్రాసెసర్ తీసుకోమన్నాడు, ఇంకొకాయన ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ అన్నాడు. రెండూ కుంపట్లేనని మూడో ఆయన భయపెట్టాడు. నా గది పదికి పది. మధ్యాహ్నం రెండింటికి ఆ స్లాబు కింద నేనే రెండర్ అయిపోతాను. ఏసీ లేదు. కరెంటు పోతే ఇన్వర్టర్. రెండిట్లో ఏది తక్కువ వేడి?

గంటస్తంభం మాస్టారు:
ముందు కంపెనీ రాసే అంకెల్ని నమ్మడం మానండి. 14900కెకి 125 వాట్లని రాస్తారు, టర్బోలో, అంటే స్పీడు పెంచుకున్నప్పుడు, 253 దాకా పోతుంది. 7950ఎక్స్‌కి 170 అని రాస్తారు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ దగ్గర 230 దాకా వదులుతారు. ఆ రాసేది టీడీపీ, అంటే థర్మల్ డిజైన్ పవర్. అది కరెంటు వాడకం కాదు, కూలర్ ఎంత వేడి మోయాలో చెప్పే అంకె. అది కూడా ఎవరి లెక్క వారిది. ఇంటెల్ బేస్ స్పీడు దగ్గర లెక్కేస్తుంది. ఏఎండీ అయితే ప్రాసెసర్ మూత వేడిలోంచి గాలి వేడి తీసేసి, మిగిలినదాన్ని వేడి పోకకు కూలర్ చూపే నిరోధంతో భాగిస్తుంది. 2017లో వచ్చిన 1800ఎక్స్‌కి 60లోంచి 42 తీసి 0.189తో భాగిస్తే 95 వాట్లు వచ్చాయి. ఆ 42 చూసినప్పుడల్లా నాకు మన రోహిణి కార్తె గుర్తొస్తుంది.
ఇదంతా తెలిసే చెప్తున్నాను, నా ఓటు ఏఎండీకే.

బొబ్బిలి వీణ:
టీడీపీ అన్న మాట కనబడితే రాజకీయం అనుకొని వచ్చాను. తీరా చూస్తే ఫ్యాన్ల గోల. ఫ్యాన్ కూడా పార్టీ గుర్తేనని గుర్తు చేసి వెళ్తున్నాను.

ఏడురోడ్ల సిస్టమ్స్:
మాస్టారూ, ఆయన అడిగింది సూత్రం కాదు. ఆయన పని చూడండి. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావరకు 4:2:2 10 బిట్ హెచ్.265 ఫైళ్లు, అంటే రంగుల వివరం ఎక్కువ ఉంచి గట్టిగా కుదించిన వీడియోలు వస్తాయి. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉన్న క్విక్ సింక్ వాటిని ఇట్టే విప్పేస్తుంది. రైజెన్‌లో ఆ సౌకర్యం లేదు, ఆ బరువంతా కోర్ల మీద పడుతుంది. అప్పుడు ఏది వేడెక్కుతుంది?
ఇంకో మాట. ఎడిటింగ్ మనిషి సిస్టమ్ రోజులో ఎక్కువ సేపు ఊరికే వెలుగుతూ ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఇంటెల్ తక్కువ తాగుతుంది. చిన్న చిప్ ముక్కలు (చిప్లెట్లు) కలిపి చేసిన రైజెన్‌లో, మెమరీతో మాట్లాడే ముక్క ఐఓ డై ఎప్పుడూ మేలుకొనే ఉంటుంది. మన ఫోటోల బాబుకి 14900కె కూడా అక్కర్లేదు. కె లేని, అంటే స్పీడు మనం పెంచుకునే వీలు లేని, ఐ7 చాలు.

జీడితోట పలాస:
7950ఎక్స్ 95 డిగ్రీలకు వెళ్తుందట కదా. అది పెడితే ఆయన గది బట్టీ అవుతుంది.

గంటస్తంభం మాస్టారు:
డిగ్రీలు వేరు, వేడి వేరు. మీ పలాసలోనే చూడండి, అగ్గిపుల్ల మంట ఎంత వేడో అందరికీ తెలుసు. దాంతో బస్తా జీడి పిక్కలు కాల్చగలరా? గదిని వేడెక్కించేది వాట్లు. చిప్ 95 డిగ్రీల దగ్గర ఉన్నా 60 దగ్గర ఉన్నా, 200 వాట్లు తాగితే 200 వాట్ల వేడీ గదిలోకే వస్తుంది. కూలర్ ఎంత మంచిదైతే అంత త్వరగా మీ ఒళ్లో పోస్తుంది, అంతే. ఆ 95 ఏఎండీ కావాలనే పెట్టుకున్న గీత. అక్కడిదాకా వెళ్లనిచ్చి అక్కడ ఆపుతుంది.
ఇక ఏడురోడ్ల వారికి. ఇంటెల్ 13, 14 తరాల్లో 2024లో ఏం బయటపడిందో చెప్పలేదేం? వోల్టేజీ హద్దు దాటి చిప్‌లు పాడైతే ఇంటెలే ఒప్పుకొని, ఆగస్టులో చిప్‌ని దిద్దే మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది.

ఏడురోడ్ల సిస్టమ్స్:
చెప్తాను. 2023 ఏప్రిల్‌లో ఏఎండీ 7800ఎక్స్3డీలు సాకెట్లోనే ఉబ్బి కాలిన సంగతి మీరు చెప్తారా? అదీ వోల్టేజీయే. ఏఎండీ 1.3 వోల్టుల దగ్గర కట్టేసింది.

నెట్ సెంటర్ చీపురుపల్లి:
ఇద్దరూ ఒకటే మాట చెప్తున్నారు, గమనించండి. 2005లో నాకు నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది సిస్టమ్‌లు, అన్నీ ప్రెస్కాట్ పెంటియం 4లే. 2004లో వచ్చిన రకం. ప్రతి పనినీ 31 అంచెలుగా ముక్కలు చేసే పైప్‌లైన్ పెట్టి గిగాహెర్ట్జ్‌ల పందెంలోకి దిగారు. పెద్ద మోడళ్లు 115 వాట్లు. కుర్రాళ్లు గంటకి పదిహేను రూపాయలిచ్చి ఆవిరి స్నానం చేసి వెళ్లేవారు. అప్పుడు చల్లగా, చురుగ్గా ఉన్నది ఏఎండీ అథ్లాన్ 64. 4 గిగాహెర్ట్జ్ పెంటియం తెస్తామన్న ఇంటెల్ 2004లోనే మానుకుంది. 2006లో కోర్ 2 డ్యూయో వచ్చింది, 65 వాట్లతో లెక్క తిరగబడింది. తర్వాత వెనకబడ్డ ఏఎండీ 2013లో ఎఫ్ఎక్స్ 9590 అని 220 వాట్ల బండ వదిలింది. ఇప్పుడు మళ్లీ ఇంటెల్ వంతు. ఎవడు వెనకబడితే వాడు వోల్టేజీ ఎక్కిస్తాడు. వాట్లు వోల్టేజీ వర్గంతో పెరుగుతాయి కాబట్టి చివరి ఐదు శాతం స్పీడు కోసం సగం కుంపటి రాజేయాలి.
అందుకే ఏది కొన్నా బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి పవర్ లిమిట్ దించేయండి. 253ని 125 చేస్తే పని సగమేమీ అయిపోదు. 7950ఎక్స్‌కి అయితే ఈకో మోడ్ అని పేరు పెట్టి మరీ ఇచ్చారు.

రాజాం కుర్రాడు:
తాతగారు ఇరగదీశారు 🔥

నెట్ సెంటర్ చీపురుపల్లి:
నాకు నలభై తొమ్మిదే బాబూ.

గంటస్తంభం మాస్టారు:
లెక్క కావాలంటే ఇస్తాను. వంద వాట్లు తగ్గితే, రోజుకి ఐదు గంటలు, నెలకి ఇరవై ఆరు రోజులు, 13 యూనిట్లు. 225 దాటి 400 యూనిట్ల లోపు వాడే ఇంటికి యూనిట్ 8.75 స్లాబు. నెలకి 114 రూపాయలు.

రాజాం కుర్రాడు:
స్టూడియోకి ఇంటి స్లాబు ఎలా వేస్తారు సార్? కమర్షియల్ మీటరు కదా.

గంటస్తంభం మాస్టారు:
స్టూడియో ఇంట్లోనే ఉంటే?

రాజాం కుర్రాడు:
ఇంట్లో ఉన్నా వ్యాపారం వ్యాపారమే. మీ లెక్క తప్పు.

టెక్కలి ఫోటోలు:
నా మీటరు సంగతి ఇక్కడ రాయకండి బాబూ. దండం పెడతాను.

జీడితోట పలాస:
నూట పద్నాలుగు రూపాయలకి ఇంత గొడవా! 2018లో తిత్లీ తుపాను తర్వాత మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ ఉన్నవాడి దగ్గర ఫోన్ ఛార్జింగ్‌కి లైన్లో నిలబడ్డాం. బిల్లు కాదు, ఇన్వర్టర్ చూసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. రెండర్ పెట్టినప్పుడు సిస్టమ్, మానిటర్ కలిపి 450 లాగితే కాగితం మీదే నాలుగు గంటలు, చేతికొచ్చేది అంతకంటే తక్కువ. పెళ్లివారు గుమ్మంలో కూర్చున్నప్పుడు తెలుస్తుంది వాట్ల విలువ.

ఏడురోడ్ల సిస్టమ్స్:
అదీ మాట. మాస్టారు ఎక్సెల్ షీట్‌లో కాపురం చేస్తున్నారు. వారానికి పది సిస్టమ్‌లు విప్పేవాడిని నేను. వేడికి చచ్చినవాటిలో సగం ప్రాసెసర్ తప్పు కాదు. దుమ్ము, ఉప్పు గాలి, కూలర్ కింద ఎండిపోయిన పేస్టు.

గంటస్తంభం మాస్టారు:
మిగతా సగం ఎవరి తప్పో నేను చెప్తాను. మీరు చదువుకున్న షాపువాళ్లు. రెండేళ్ల కిందట మా అబ్బాయికి సిస్టమ్ బిగించమని ఒక షాపులో ఇచ్చాను. ఊరు చెప్పను, పేరు చెప్పను. ఇంటికి తెచ్చిన రోజు నుంచీ వంద డిగ్రీలు. "ఏఎండీ అంతే సార్, వేడి" అన్నారు. నెల రోజులు అదే పాట. చివరికి నేనే విప్పి చూస్తే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తియ్యలేదు. దాని మీద "పెట్టేముందు తీయండి" అని బొమ్మ కూడా వేసుంది! వాడి పరీక్షల నెలంతా పోయింది. ఎవరైనా "ఏఎండీ వేడి" అంటే నాకు అందుకే ఒళ్లు మండుతుంది.

ఏడురోడ్ల సిస్టమ్స్:
ఆ సామాను ఎక్కడ కొన్నారు మాస్టారూ?

గంటస్తంభం మాస్టారు:
దానికీ దీనికీ ఏం సంబంధం?

ఏడురోడ్ల సిస్టమ్స్:
ఆన్‌లైన్‌లో కొన్నారు. అవునా, కాదా?
పొర తీయకపోవడం తప్పే, ఎవరు చేసినా తప్పే, కాదనను. కానీ నా బాధా వినండి. కొనడం ఆన్‌లైన్‌లో, వెయ్యి రూపాయలు తక్కువ. బిగించడం మా దగ్గర, "మూడు వందలా?" అని బేరం. ఆర్నెల్లకి పోతే డబ్బా పట్టుకొని మళ్లీ మా గుమ్మంలోకే. అది పట్టుకొని విశాఖ బస్సెక్కేదెవరు? అక్కడ కౌంటర్‌లో "బిల్లు మీ పేరున లేదు" అని పంపేస్తే తిరిగొచ్చేదెవరు? నేను ఇంటెల్ అనేది వాట్లు చూసి కాదు, నాకు సామాను ఇచ్చే డీలరు వాటినైతే కిక్కురుమనకుండా మార్చి ఇస్తాడు కాబట్టి. మీకు అంకెలు, నాకు మనిషి మొహం.

గంటస్తంభం మాస్టారు:
ఇది మొదటే చెప్పాల్సింది. మూడు రోజులుగా క్విక్ సింక్ అంటూ...

ఏడురోడ్ల సిస్టమ్స్:
క్విక్ సింక్ కూడా నిజమే.

గంటస్తంభం మాస్టారు:
నిజమే. దాన్ని నేను కాదనలేదు కదా.

నెట్ సెంటర్ చీపురుపల్లి:
మాస్టారూ, పైన వెతికాను. ఔననీ అనలేదు.

టెక్కలి ఫోటోలు:
అయ్యా, నా కెమెరా 4:2:2వే, ఇవాళే చూసుకున్నాను. నిన్న గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను, అదొక్కటే ఇంతవరకూ అయిన పని. ఏడురోడ్ల అన్నా, కె లేని ఐ7 మీ దగ్గరే తీసుకుంటాను, పోతే విశాఖ మీరే వెళ్లాలి. ఒకవేళ రైజెనే కావాలంటే అమ్ముతారా?

ఏడురోడ్ల సిస్టమ్స్:
ఎందుకు అమ్మను? బిల్లు మీ పేరున, కూలర్ మీ ఎదురుగానే బిగిస్తాను. శనివారం రండి. గురువారం నేను విశాఖలో ఉంటాను, రెండు బోర్డులు మార్చుకురావాలి.

రాజాం కుర్రాడు:
ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) ఎన్ని వాట్లు పెడుతున్నారు?

బొబ్బిలి వీణ:
ఒరే, ఆగు.