అప్‌డేట్: కాలిక్యులేటర్‌లో అసెంబ్లీ ప్రోగ్రామ్ నడిచింది

గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో సరదాకి అసెంబ్లీ (ప్రాసెసర్‌కి నేరుగా ఆదేశాలిచ్చే భాష) రాసేవాళ్లకి తయారీదారు సాయం ఏమైనా ఉందా అని అడిగాను కదా. మీరంతా చెప్పాక నా పాత టీఐ-83 ప్లస్ మీద ప్రయత్నించాను. ఉంది!

ఇందులో అలాంటి ప్రోగ్రామ్‌ని నడిపే 'ఏఎస్ఎమ్(' అనే కమాండ్‌ను టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సే పెట్టింది. కంప్యూటర్, కేబుల్ కూడా అక్కర్లేదు. ప్రోగ్రామ్ మొదటి లైన్‌లో 'ఏఎస్ఎమ్‌పీఆర్‌జీఎమ్' పెట్టి, కింద ఈఎఫ్4045సీ9 అని హెక్స్ (16 గుర్తులతో రాసే అంకెల పద్ధతి)లో కొట్టి, ఆ కమాండ్‌తో నడిపితే తెర మొత్తం ఖాళీ అయింది. ఈఎఫ్ అనేది సిస్టమ్ రొటీన్‌ని, అంటే కాలిక్యులేటర్‌లో ముందే ఉన్న చిన్న ప్రోగ్రామ్‌ని, పిలిచే బైట్. తెర తుడిచే ఆ రొటీన్ నంబర్ 4540. ఇందులోని జెడ్80 ప్రాసెసర్ పద్ధతిలో చిన్న బైట్ (40) ముందు రావాలి కాబట్టి 4045 అని రాశాను. సీ9 అంటే రిటర్న్, పని అయ్యాక వెనక్కి వెళ్లమని. అది మర్చిపోతే ప్రాసెసర్ ఎటో వెళ్లిపోతుంది, ర్యామ్ తుడిచిపెట్టుకుపోవచ్చు. టెన్షన్ పడే ఎంటర్ నొక్కాను.

టీఐ-85 రోజుల్లో ఈ సదుపాయం లేదు. మెమరీ బ్యాకప్ ఫైల్‌ని మార్చి అసెంబ్లీ ప్రోగ్రామ్‌లు నడిపే జెడ్‌షెల్ అనే సాఫ్ట్‌వేర్‌ని దొడ్డిదారిన ఎక్కించేవాళ్లు. తర్వాత కంపెనీయే తలుపు తీసింది, ఎస్‌డీకే (ప్రోగ్రామ్‌లు రాయడానికి కావలసిన పరికరాల కిట్) కూడా ఇచ్చింది. 2020లో మాత్రం టీఐ-84 ప్లస్ సీఈ కొత్త ఓఎస్‌లో ఆ తలుపు మూసేసింది. పరీక్షల భద్రత కారణమట. నాకైతే అంత నచ్చలేదు.

సీఈ ఉన్నవాళ్లు ఓఎస్ అప్‌డేట్ చేసేముందు వెర్షన్ చూసుకోండి.