డేస్ గాన్‌కి 71 సరైన తీర్పేనా? లోపాలున్న గేమ్‌కి రివ్యూ ఎలా రాయాలి?

కృష్ణలంక_కన్సోల్

2019 ఏప్రిల్‌లో సోనీ కన్సోల్ పీఎస్4 మీద డేస్ గాన్ (బైక్ మీద తిరుగుతూ జాంబీల్లాంటి ఫ్రీకర్లతో పోరాడే గేమ్) వచ్చినప్పుడు రివ్యూ సైట్లలో ఐజీఎన్ పదికి 6.5 ఇచ్చింది, గేమ్‌స్పాట్ 5 ఇచ్చింది. రివ్యూల మార్కులన్నీ కలిపి వందకి సగటు తీసే మెటాక్రిటిక్ సైట్‌లో లెక్క 71 దగ్గర తేలింది. ఆ నంబర్ చూసి "యావరేజ్ అంట" అని పక్కన పెట్టేసినవాళ్లు మనలోనే బోలెడుమంది ఉంటారు. 2021 మేలో అదే గేమ్ పీసీకి వచ్చేసరికి, పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో జనం నెత్తిన పెట్టుకున్నారు. అక్కడ రివ్యూ రాసినవాళ్లలో పదికి తొమ్మిది మంది బాగుందనే అన్నారు. ఇంత తేడా ఎందుకు వచ్చింది?

గేమ్‌లో లోపాలు లేవని నేను అనడం లేదు. నీరో అనే ప్రభుత్వ సంస్థ వాళ్ల వెనక పొదల్లో నక్కుతూ వెళ్లే మిషన్లు నిజంగా విసుగు. ఒక్కసారి కంటబడితే మళ్లీ మొదటికి. ఫ్రీకర్ల గూళ్లు తగలబెట్టడం మొదటి నాలుగైదు సార్లే సరదా. హీరో డీకన్ తనలో తను గొణుక్కోవడం కొందరికి చిరాకు తెప్పిస్తుంది. కథకి కత్తెర పడాల్సింది, పడలేదు.

కానీ హోర్డ్ (ఫ్రీకర్ల మంద) సంగతి? 2016లో ఈ3 అనే గేమ్‌ల ప్రదర్శనలో సోనీ వాళ్లు తమ షో చివర్లో చూపించిన ఆ కలప కోతమిల్లు గుర్తుంది కదా. గేమ్‌లో అక్కడికి వెళ్లినప్పుడు ముందు చుట్టూ తిరిగి చూసుకోవాలి. పేలే డ్రమ్ములు ఎక్కడున్నాయి, ఏ ఇరుకు సందులోంచి దూరితే మంద వేగం తగ్గుతుంది, బైక్‌ని ఎటు తిప్పి నిలబెడితే పారిపోవడానికి వీలవుతుంది, అన్నీ లెక్కేసుకోవాలి. మొదటి మొలొటోవ్ (మండే పెట్రోల్ సీసా) విసిరాక ఇక ఆలోచించే టైమ్ ఉండదు. 500 దాకా ఫ్రీకర్లు గండిపడ్డ చెరువులా మీద పడతాయి. గోడలెక్కుతాయి, కిటికీల్లోంచి దూకుతాయి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వస్తాయి. స్టామినా అయిపోతుంటుంది, తుపాకీలో గుండ్లు అయిపోతుంటాయి, ఆ టెన్షన్‌లో బైక్ ఏ మూలన పెట్టామో గుర్తురాదు. ఆ స్కేల్లో ఈ పని చేసిన గేమ్ మరొకటి నేను చూడలేదు.

రివ్యూలు ఏం చేశాయంటే, లోపాలన్నీ వరసగా లెక్కబెట్టాయి. ఈ ఒక్క బలాన్ని ఆ లిస్టులో మరో ఐటమ్‌గా చేర్చి సగటు తీశాయి. తప్పు జరిగింది అక్కడే అని నా వాదన. ఏమంటారు?

టెస్టర్_మధురవాడ

కన్సోల్ గారూ, మీ కోతమిల్లు వర్ణనతో నాకు పేచీ లేదు. తీర్పు విషయంలోనే ఉంది.

రివ్యూ ఎవరి కోసం? విడుదల రోజు డబ్బు కట్టబోయే మనిషి కోసం. ఆ రోజు అతనికి ఏం దొరుకుతుందో చెప్పడమే రివ్యూయర్ పని. రెండేళ్ల తర్వాత ప్యాచ్‌లు (లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు) అన్నీ పడ్డాక ఎలా ఉంటుందో జోస్యం చెప్పడం కాదు. 2019లో మామూలు పీఎస్4 మీద బైక్ స్పీడందుకోగానే ఫ్రేమ్‌రేట్ పడిపోయేది. బైక్ తోలడమే ప్రాణమైన గేమ్‌లో బైక్ తోలుతుంటేనే బొమ్మ ఆగి ఆగి కదిలితే దాన్ని చిన్న లోపం అని ఎలా సరిపెట్టుకుంటాం? కథ రాసిన జాన్ గార్విన్ 2022లో ఈ స్కోరుకి కారణాలు చెబుతూ రివ్యూయర్ల మీద విరుచుకుపడ్డాడు. కానీ అదే మాటల్లో బగ్స్, స్ట్రీమింగ్ (ఆడుతుండగా గేమ్ లోకం లోడ్ అవడం), ఫ్రేమ్‌రేట్ సమస్యలు ఉన్నాయని కూడా ఒప్పుకున్నాడు.

2021లో స్టీమ్ జనం ఆడింది రెండేళ్ల రిపేర్లు పూర్తయిన గేమ్. మంచి పీసీ ఉంటే ఫ్రేమ్‌రేట్ గొడవే లేదు. మెటాక్రిటిక్‌లో పీసీ వెర్షన్‌కి 76 ఉంది చూడండి. అంటే గేమ్ బాగుపడితే విమర్శకులూ మార్కులు పెంచారు. ఇందులో అన్యాయం ఏముంది?

ఇంకోటి. సోనీ ఆ హోర్డ్‌ని 2016లోనే చూపించి ఊరించింది. కథలో ఆ కోతమిల్లు దగ్గరికి చేరాలంటే చాలా దూరం వెళ్లాలి. ఉన్న బలాన్ని అన్ని గంటలు దాచిపెట్టడం కూడా డిజైన్ లోపమే. దానికి మార్కులు కోస్తే తప్పేంటి?

ఖమ్మం_కంట్రోలర్

టెస్టర్ అన్నతో నేను ఏకీభవిస్తా. కొత్తలో ఇలాంటి డిస్క్ కొనాలంటే మూడు నాలుగు వేలు పెట్టాలి. నెలకోసారి కూడా కొనలేని మాలాంటోళ్లకి ఆ 71 చాలా పనికొచ్చింది, ఆగాము.

ఇంకో మాట ఎవరూ అనడం లేదు. పీఎస్5 వచ్చినప్పుడు, సోనీ సబ్‌స్క్రిప్షన్‌తో వచ్చే పీఎస్ ప్లస్ కలెక్షన్‌లో ఇది ఉంది. 2021 ఏప్రిల్‌లో పీఎస్ ప్లస్ నెలవారీ గేమ్‌లలో కూడా ఇచ్చారు. సబ్‌స్క్రిప్షన్‌లో వచ్చిన గేమ్‌లో విసుగు పుడితే పక్కన పెట్టేస్తాం, కోపం రాదు. పూర్తి రేటు పెట్టి కొన్నవాడి కోపం వేరు బ్రో. "తర్వాత అందరికీ నచ్చింది" అనేటప్పుడు ఎవరు ఎంత కట్టి ఆడారో కూడా చూడాలి.

మంజీర

మీరంతా 71 ఎక్కువా తక్కువా అని మాట్లాడుతున్నారు. అసలు ఆ 71కి రంగు ఎలా పడుతుందో చూడండి.

మెటాక్రిటిక్‌లో సినిమాకి 61 వస్తే ఆకుపచ్చ. గేమ్‌కి 75 రావాలి. గేమ్‌ల విషయంలో 50 నుంచి 74 దాకా మొత్తం పసుపే. అంటే ఇదే 71 ఒక సినిమాకి వస్తే "బాగుంది" అనే గంపలో పడుతుంది, గేమ్‌కి వస్తే "మిశ్రమ స్పందన" గంపలో పడుతుంది. పైగా ఏ పత్రిక మార్కుకి ఎంత బరువు ఇస్తారో బయటికి చెప్పరు.

దీనికి కారణం గేమ్ రివ్యూల అలవాటే. పది మార్కుల స్కేల్ ఉన్నా ఎక్కువగా వాడేది 6 నుంచి 9 దాకే. ఎడ్జ్ పత్రికలాంటి కొందరు మాత్రం 5 అంటే నిజంగానే సగటు అన్న లెక్కతో ఇచ్చేవారు. మన తెలుగు సినిమా రివ్యూలు చదివేవాళ్లకి ఇది కొత్తేం కాదు. 5కి 2.75 అని వేస్తారు. అది సగం కంటే ఎక్కువే. కానీ ఆ నంబర్ చూసి టికెట్ బుక్ చేసేది ఎవరు? "ఓటీటీలో చూద్దాంలే" అంటాం. రాసినవాడు ఒక అర్థంతో వేస్తాడు, చదివినవాడు ఇంకో అర్థం తీసుకుంటాడు.

కాబట్టి కన్సోల్ గారూ, మీ కోపం విమర్శకుల మీద కంటే ఆ పసుపు రంగు మీద చూపిస్తే న్యాయంగా ఉంటుంది. గేమ్‌స్పాట్ రివ్యూలో, ఐజీఎన్ రివ్యూలో పేరాలు పేరాలు కారణాలున్నాయి. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అవి చదవదగ్గ రాతలు. జనం దాకా చేరింది మాత్రం రెండంకెలే.

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్

మంజీర గారు చెప్పిన ఆ రెండంకెలకి జీతాలు ముడిపెట్టిన సంగతి కూడా ఇక్కడ రావాలి.

2010లో ఫాల్ఔట్: న్యూ వెగాస్. చేసింది అబ్సిడియన్, విడుదల చేసింది బెథెస్డా. అమ్మకాల్లో వాటా లేదు, మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఈ సంగతి ఆ గేమ్ డిజైనర్లలో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో తనే ట్విట్టర్‌లో బయటపెట్టాడు. ఒక్క మార్కుతో పోయింది. విడుదలప్పుడు ఆ గేమ్ బగ్స్ పుట్ట, అందులో అబద్ధం లేదు. కానీ ఈ రోజు ఆ సిరీస్‌లో బెస్ట్ ఏదంటే ఎక్కువమంది చెప్పే పేరు అదే. పాత్రల రాత, మన నిర్ణయాలకి ఊళ్లకి ఊళ్లు మారిపోవడం, అవన్నీ ఆ రోజూ అందులోనే ఉన్నాయి. ప్యాచ్‌లో వచ్చినవి కావు.

డేస్ గాన్ విషయంలోనూ అంతే. రెండో భాగం చేస్తామని ఆ గేమ్ తయారుచేసిన బెండ్ స్టూడియో అడిగితే సోనీ ఒప్పుకోలేదని 2021లో బ్లూమ్‌బర్గ్ రాసింది. మొదటి గేమ్‌కి లాభం వచ్చినా, చేయడానికి చాలా కాలం పట్టింది, విమర్శకుల స్పందన అంతంతమాత్రం, అందుకే వద్దనుకున్నారని ఆ కథనం సారాంశం. సగటు మార్కు వల్ల పోయేది పరువొక్కటే అయితే నేనూ పట్టించుకోను. తర్వాతి గేమ్ పుట్టకుండా పోతోంది.

టెస్టర్_మధురవాడ

నైట్‌షిఫ్ట్ గారూ, ఇది బాధాకరమే. కానీ తప్పు ఎవరిది? 85కి బోనస్ అని కాగితం మీద రాసుకున్నవాళ్లది. రివ్యూయర్ కీబోర్డ్ ముందు కూర్చుని "నేను 8 ఇస్తే వీళ్ల బోనస్ పోతుందేమో" అని ఆలోచించడం మొదలుపెడితే ఆ రాత చదివి డబ్బు పెట్టే మా ఖమ్మం తమ్ముడి గతేంటి? సేవ్ ఫైల్ చెడిపోయి గంటల ఆట పోగొట్టుకున్నవాడికి స్టూడియో కష్టాలు చెప్పి ఓదార్చలేం.

రోజూ బగ్ రిపోర్టులు రాసేవాడిగా ఒకటి చెబుతా. గేమ్ విడుదలయ్యేనాటికి ఉన్న బగ్స్‌లో చాలావాటి సంగతి లోపలివాళ్లకి తెలిసే ఉంటుంది. తేదీ మార్చలేక వదిలేస్తారు. బయట నుంచి మార్కులు తగ్గుతాయన్న భయం కూడా లేకపోతే ఆ తేదీని ఎవరు వాయిదా వేస్తారు? 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077కి ముందుగా పీసీ కాపీలే రివ్యూకి ఇచ్చారు. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. పాత కన్సోళ్ల మీద ఎంత ఘోరంగా ఉందో కొన్నవాళ్లే కనిపెట్టాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్‌లోంచే తీసేసింది. రివ్యూయర్లకి ఆ వెర్షన్ ముందే చేరి, వాళ్లు నిర్దయగా రాసి ఉంటే ఎంతమంది డబ్బు మిగిలేదో ఆలోచించండి.

రాయలసీమ_ఆర్పీజీ

మన దగ్గర జరిగిన ఉదాహరణ ఒకటి. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్ల రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్, 2020. చిన్న టీమ్. జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్‌లో డబ్బు రాలేదు. సొంత ఫ్లాట్ అమ్మి పని నడిపారు. తర్వాత ఎపిక్ గేమ్స్ కంపెనీ వాళ్ల గ్రాంట్ వచ్చింది. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో తొలి గేమ్ విభాగంలో నామినేట్ అయింది.

రివ్యూలు ఎక్కువగా ఒకే మాట అన్నాయి: చూడ్డానికి కన్నులపండుగ, కొట్లాట మోటు, నిడివి చిన్నది, ముగింపు అర్ధాంతరం. తమ్ముడు గోలూని వెతుక్కుంటూ బయల్దేరిన పిల్ల, దుర్గ ఇచ్చిన త్రిశూలం, తోలుబొమ్మలాటని గుర్తుచేసే, కథ చెప్పే కట్‌సీన్లు... ఇంత దగ్గరి సరుకు చూసి నాకు కడుపు నిండింది. అయినా ఆ విమర్శలన్నీ నిజం. కెమెరా దూరంగా ఉండి దూకాల్సిన చోటు అంచనా తప్పుతుంది, కొట్టిన దెబ్బకి బరువుండదు, అసలు కథ రాజుకుంటోంది అనుకునేసరికి అయిపోతుంది.

అప్పట్లో మనవాళ్లు చాలామంది "ఇండియా గేమ్ కదా, సపోర్ట్ చేయాలి" అంటూ తక్కువ మార్కులిచ్చినవాళ్ల మీద పడ్డారు. నాకు నచ్చలేదు. ఇండియా గేమ్ కాబట్టి చూసీచూడనట్టు పోదాం అంటే వాళ్ల పనిని మనం సీరియస్‌గా తీసుకోనట్టే. 2022లో వాళ్లే మెరుగులు దిద్ది, హిందీ డబ్బింగ్ చేర్చి ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ తెచ్చారు. విమర్శ విన్నవాళ్లు చేసే పని అది. కాబట్టి నేను టెస్టర్ గారి వైపే. కాకపోతే రివ్యూలో "మోటు" అని ఆపేయకుండా, త్రిశూలం దెబ్బ ఎందుకు తేలిపోతుందో వివరించినవాళ్లనే విమర్శకులు అంటాను.

కృష్ణలంక_కన్సోల్

అందరూ లోపాలకి మార్కులు తీయకూడదని నేను అన్నట్టు మాట్లాడుతున్నారు. నా ప్రశ్న వేరు. మళ్లీ చెబుతా.

2010లోనే వచ్చిన డెడ్లీ ప్రిమొనిషన్ అనే హారర్ గేమ్ తీసుకోండి. ఐజీఎన్ 2 ఇచ్చింది. డిస్ట్రక్టాయిడ్ సైట్ పదికి పది ఇచ్చింది. గ్రాఫిక్స్ నాసిరకం, బండి తోలడం నరకం, కొట్లాట బలవంతంగా అతికించినట్టు ఉంటుంది. ఈ విషయాల్లో ఇద్దరికీ పెద్దగా తేడా లేదు. ఆ యార్క్ అనే ఏజెంట్ తనతో తను మాట్లాడుకుంటూ ఆ చిన్న ఊళ్లో తిరగడం ముందు ఇవన్నీ ఎంత బరువు తూగుతాయి అన్న దగ్గరే తేడా. ఇంత చీలిక వచ్చినందుకు గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది. మెటాక్రిటిక్‌లో ఎంతుంది? 68. డేస్ గాన్ ఉన్న పసుపు గంపలోనే. ఏ తప్పూ చేయక, ఏ గొప్పా చూపించక, ఆడిన వారానికే మర్చిపోయే గేమ్‌లూ అదే గంపలో ఉంటాయి. ఈ రెండు రకాల "సగటు" ఒకటేనా? మొదటి రకంలో ఒక్క ఆటగాడికైనా ప్రాణం లేచొచ్చే గంట ఉంటుంది. రెండో రకంలో అది ఉండదు.

నేను అడిగేది ఇదీ: రివ్యూయర్ లోపం ఎంత పెద్దదో చెప్పినట్టే, బలం ఎంత అరుదైనదో కూడా చెప్పాలి. 2019లో గడువు తరుముతుంటే, అంత పొడుగు గేమ్‌ని గబగబా ఆడినవాళ్లలో ఎంతమందికి హోర్డ్ దగ్గర ఆగి, చూసుకుని, ప్లాన్ వేసుకునే తీరిక దొరికి ఉంటుంది? తీరిగ్గా ఆడేవాడికి అదే గేమ్.

మంజీర

నంబర్ తీసేయడం కూడా ప్రయత్నించారు కదా. యూరోగేమర్ అనే రివ్యూ సైట్ 2015లో స్కోర్లు ఆపేసి "సిఫార్సు", "తప్పనిసరి", "వద్దు" అనే ముద్రలు పెట్టింది. 2023లో మళ్లీ స్కోర్లకే వచ్చేసింది, ఈసారి ఐదు నక్షత్రాల లెక్కన. పాఠకుడికి ఏదో ఒక కొలత కావాలి, తప్పించుకోలేం. కొలత పక్కన రాసే రెండు వాక్యాలే ముఖ్యం.

టెస్టర్_మధురవాడ

సరే కన్సోల్ గారూ. 2019 ఏప్రిల్ 26, ప్యాచ్‌లు లేవు, మీ ముందు పీఎస్4 ఉంది. మీరే రాయండి. వాదన వద్దు, రివ్యూ రాయండి.

కృష్ణలంక_కన్సోల్

రాస్తాను.

"మొదటి పది గంటలు మీ ఓపికని పరీక్షిస్తుంది. బైక్ వేగం పెరిగితే బొమ్మ తడబడుతుంది, దొంగచాటు మిషన్లు దండగ. పెట్రోల్ డబ్బా కోసం వర్షంలో దిగి, బైక్‌కి దూరంగా వెళ్తే సేవ్ చేసుకోలేమని గుర్తొచ్చి భయపడే గేమ్‌లు మీకిష్టమైతే, చివరి మూడో వంతులో వచ్చే హోర్డ్‌ల కోసం ఇది ఆడండి. అలాంటిది ఇంకెక్కడా లేదు. బగ్స్ భరించలేనివాళ్లు రెండు మూడు నెలలు ఆగండి." పదికి 8.

టెస్టర్_మధురవాడ

ప్రతి వాక్యానికీ ఒప్పుకుంటున్నా. ఇవే మాటలు రాసి నేను కింద 6 వేస్తాను. కొన్నవాణ్ని పది గంటలు ఓపిక పట్టమని, రెండు మూడు నెలలు ఆగమని మీరే రాశారు. అది చదివి కూడా నా చేతికి 8 రాదు.