"దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి": ఈ పద్యం తటస్థ దేశాలకు వర్తిస్తుందా?

మొన్న మన గ్రూపులో యుద్ధాల మీద, తటస్థ దేశాల మీద మాట వచ్చినప్పుడు పాలమూరు అన్న ఒకరు తిక్కన పద్యం పెట్టి, "ఎటూ చెప్పకుండా కూర్చున్న చిన్న దేశాలన్నిటికీ ఇదే జవాబు" అన్నారు. చాలామంది భేష్ అన్నారు. ఆ పద్యమంటే ఆయనకెంత ఇష్టమో నాకూ అంతే ఇష్టం. అందుకే ఆ వాడకం ఒప్పుకోలేకపోతున్నాను. కామెంటులో సరిపోదని విడిగా రాస్తున్నాను.

ముందు పద్యం:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవ ముండెడున్

పాపం వల్ల ధర్మం, అబద్ధం వల్ల సత్యం ఒడ్డు చేరలేక చెడిపోయే స్థితిలో ఉన్నప్పుడు, ఆపగలిగిన వాళ్లు ఎవరు చూస్తూ ఊరుకుంటారో, అది వాళ్లకే చేటు. ధర్మాన్ని గట్టెక్కించడానికి, సత్యానికి మేలు చేయడానికి దైవం ఎలాగూ ఉంది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభలో ధృతరాష్ట్రుడి ముందు అంటున్న మాట ఇది.

దీనికి వ్యాసభారతంలో ఉన్న శ్లోకం చూడండి:

యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ
హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః

ఎక్కడ ధర్మాన్ని అధర్మం, సత్యాన్ని అసత్యం కళ్లముందే చంపుతుంటాయో అక్కడ సభలో ఉన్నవాళ్లు చచ్చినట్టే అని దీని భావం. మూలంలో ఉన్నది "సభాసదులు". సభలో కూర్చున్న ప్రతివాడూ అందులోకి వస్తాడు. తిక్కన ఆ మాట తీసేసి "దక్షులు" అని పెట్టాడు. దక్షుడంటే సమర్థుడు, చేయగలిగినవాడు. ప్రాస కోసం పెట్టిన మాట కాదది, ఎందుకంటే ప్రాసస్థానం అక్కడ లేదు. తిక్కన కావాలనే పెట్టాడని నా గట్టి నమ్మకం. ఆ సభలో దక్షులెవరు? కొడుకును అదుపులో పెట్టాల్సిన రాజు ధృతరాష్ట్రుడు. తాము పక్కన నిలబడకపోతే దుర్యోధనుడికి యుద్ధమే లేని భీష్మద్రోణులు. కృష్ణుడి వేలు వాళ్లవైపు చూపిస్తోంది. గుమ్మం దగ్గర నిలబడిన ద్వారపాలకుడి వైపు కాదు.

ఇక "ఉపేక్ష". మనం దీన్ని నిర్లక్ష్యం అనే అర్థంలో వాడుతున్నాం. రాజనీతిలో దీనికి కచ్చితమైన అర్థం ఉంది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో షాడ్గుణ్యం, అంటే రాజు పాటించే ఆరు విధానాల్లో ఒకటైన "ఆసనం" (కదలకుండా ఊరుకోవడం) గురించి చెబుతూ, దానికి ఉపేక్షణం కూడా పర్యాయపదమే అని, "ఉపాయానామ్ అప్రయోగ ఉపేక్షణమ్" అన్నాడు. ఉపాయాలను ప్రయోగించకుండా ఉండటం ఉపేక్ష. అంటే ముందు చేతిలో ఉపాయం ఉండాలి, ఉండీ వాడకపోవాలి. సామమో దానమో పట్టుకుని పగలూ రాత్రీ తంటాలు పడుతున్నవాణ్ణి పట్టుకుని ఉపేక్షించాడు అనలేం.

ఈ కొలతతో చాలాకాలం తటస్థంగా ఉన్న చిన్న దేశం ఫిన్లాండ్ సంగతి చూడండి. 1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీద పడింది. అప్పటికి ఆ దేశ జనాభా నలభై లక్షలు కూడా లేదు. డిసెంబర్ 14న నానాజాతి సమితి సోవియట్ యూనియన్‌ను బహిష్కరించి ఊరుకుంది. బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యం పంపుతామని మాట్లాడుతూనే ఉన్నాయి, ఆ సైన్యం రాకముందే 1940 మార్చిలో ఫిన్లాండ్ సంధి మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. కరేలియా ప్రాంతం సోవియట్ చేతికి పోయింది. నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లూ పొలాలూ వదిలి మిగిలిన దేశంలోకి నడిచారు. తిక్కన పద్యం అక్కడ ఎవరికి తగులుతుందో మీరే చెప్పండి. సాయం చేయగల శక్తి ఉండి లెక్కలు వేసుకుంటూ కూర్చున్న పెద్ద రాజ్యాలకు తగులుతుంది.

యుద్ధాల తర్వాత ఫిన్లాండ్‌కు మిగిలింది మాట ఒక్కటే. 1948లో స్టాలిన్ పరస్పర సాయానికి ఒప్పందం చేసుకుందామని కబురు పెట్టాడు. హంగేరీ, రుమేనియాలతో చేసుకున్నలాంటి ఒప్పందం కావాలన్నాడు. ఫిన్లాండ్ ప్రతినిధులు మాస్కో వెళ్లి ఒక్కొక్క వాక్యం మీద పట్టుబట్టారు. ఏప్రిల్ 6న కుదిరిన ఒప్పందంలో రెండు విషయాలు సాధించుకున్నారు. ఒకటి, అగ్రరాజ్యాల తగాదాలకు దూరంగా ఉండాలన్న ఫిన్లాండ్ కోరికను పీఠికలోనే రాయించారు. రెండోది, జర్మనీ గానీ దాని మిత్రులు గానీ ఫిన్లాండ్ మీదుగా దాడికి వస్తేనే ఈ ఒప్పందం కదులుతుంది, సోవియట్ సాయం కూడా ఇద్దరూ ఒప్పుకున్నాకే. సోవియట్‌కు యాభై ఏళ్లకు లీజుకిచ్చిన పోర్కలా సైనిక స్థావరం 1956 జనవరిలోనే తిరిగి వచ్చేసింది.

1961 అక్టోబర్ 30న సోవియట్ నుంచి నోట్ వచ్చింది. పశ్చిమ జర్మనీ వల్ల ప్రమాదముంది, ఒప్పందం ప్రకారం సైనిక సంప్రదింపులకు రండి అని. ఆ టెన్షన్ ఊహించుకోండి. అధ్యక్షుడు కెక్కొనెన్ అప్పుడు అమెరికా పర్యటనలో, హవాయిలో ఉన్నాడు. అదరాబదరాగా పరుగెత్తి రాలేదు, పర్యటన పూర్తి చేసుకునే వచ్చాడు. నవంబర్‌లో నోవోసిబిర్స్క్ వెళ్లి కృశ్చేవ్‌ను కలిసి, ఆ సంప్రదింపులను వాయిదా వేయించాడు. ఒక్క సైనికుడు సరిహద్దు దాటలేదు. అర్థశాస్త్రం చదివినవాళ్లు దీన్ని సామోపాయం అంటారు.

మన నల్లగొండ పల్లెల్లో గెట్టు పంచాయితీ చూసినవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. ఇద్దరు పెద్ద రైతులు గెట్టు జరిపారని కొట్లాడుకుంటుంటే, మధ్యలో రెండెకరాల మనిషిని సాక్ష్యం అడుగుతారు. ఆయన చేనుకు బండి పోయే బాట ఒకరి పొలంలోంచి, బోరు నీళ్లు ఇంకొకరి దగ్గర్నుంచి. "నాకేం ఎరుకలేదు పటేలా" అంటాడు. తెల్లారి మాత్రం ఇద్దరి ఇళ్లకూ విడివిడిగా పోయి, కోర్టుకు పోవద్దని బతిమాలుతాడు. వేపచెట్టు కింద కుర్చీలేసుకున్న పెద్దమనుషులు నోరు విప్పకపోతే పద్యం వాళ్లకు చదవాలి. ఈయనకు చదవొద్దు.

దీనికి ఫిన్లాండ్ కట్టిన ధర తక్కువేం కాదు. మాస్కోకు కోపం వచ్చే మాట పత్రికల్లో రాకుండా వాళ్లకు వాళ్లే కత్తెర వేసుకున్నారు. కెక్కొనెన్ ఒక్కడే 1956 నుంచి 1982 దాకా అధ్యక్షుడిగా ఉండిపోయాడు. పశ్చిమ జర్మనీ రాజకీయాల్లో "ఫిన్లండైజేషన్" (పక్కనున్న పెద్ద రాజ్యానికి ఒదిగి బతకడం) అనేది తిట్టు అయింది. తిట్టినవాళ్లకు వెనక అమెరికా సైన్యం ఉంది.

కింద వచ్చిన ప్రశ్నలకు ఇక్కడే జవాబు ఇస్తున్నాను.

దేవరకొండ అక్క అడిగారు: "1956లో హంగేరీని సోవియట్ ట్యాంకులు తొక్కుతుంటే ఐక్యరాజ్యసమితిలో ఫిన్లాండ్ ఓటింగుకు దూరంగా ఉంది. అది ఉపేక్ష కాదా సార్?"

మంచి ప్రశ్న అక్కా, తప్పించుకోను. నవంబర్ 1న హంగేరీ ప్రధాని ఇమ్రె నాజ్ తమది ఇక తటస్థ దేశమని ప్రకటించాడు. నవంబర్ 4న ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చాయి. చిన్న దేశం తటస్థమని ప్రకటిస్తే చాలదు, పక్కనున్న అగ్రరాజ్యం ఒప్పుకోవాలి అన్నది అప్పుడు లోకమంతా చూసింది. ఫిన్లాండ్ ఓటు వేయకపోవడం నాకూ బాధే. కానీ ఆ రోజు ఓటింగుకు దూరంగా ఉన్న దేశాల్లో భారతదేశం కూడా ఉంది. మనకు సోవియట్‌తో సరిహద్దు లేదు, వాళ్లకు కరేలియా ఇచ్చుకున్న చరిత్ర లేదు, ప్రపంచంలో మన మాటకు విలువ ఉండేది. దక్షులు అనే మాట అక్కడ ఫిన్లాండ్ కంటే మనకే ఎక్కువ గట్టిగా తగులుతుందని నా అభిప్రాయం.

మిర్యాలగూడ తమ్ముడు: "ఉదాసీనుడు అన్నా తటస్థుడే కదన్నా?"

ఇప్పటి తెలుగులో అవును. అర్థశాస్త్రంలో మాత్రం ఉదాసీనుడంటే మిగతా రాజుల కంటే బలవంతుడై, వాళ్ల తగాదాకు బయట ఉన్నవాడు. ఫిన్లాండ్‌కు ఆ పేరు నప్పదు.

నాగర్‌కర్నూల్ సార్ భారతంలోంచే ఉదాహరణ అడిగారు. శల్యుడు ఉన్నాడు సార్. మద్రరాజు, నకులసహదేవులకు మేనమామ, పాండవుల వైపు బయల్దేరినవాడు. దారిపొడవునా విడిదులు, విందులు ఏర్పాటు చేసింది ధర్మరాజే అనుకుని సంతోషించి వరమిస్తానన్నాడు. తీరా చూస్తే ఆ ఏర్పాట్లు దుర్యోధనుడివి. మాట ఇచ్చేశాడు కాబట్టి అటు పోవాల్సి వచ్చింది. ఈ రోజుల్లో పెద్ద దేశం ఓడరేవు కట్టిస్తాను, అప్పు ఇస్తాను అన్నప్పుడల్లా నాకు ఆ విడిదులే గుర్తొస్తాయి. మన రాచకొండ రేచర్ల ప్రభువులదీ ఇలాంటి ఇరుకే. ఒకవైపు బహమనీలు, ఒకవైపు విజయనగరం. చాలాకాలం బహమనీల పక్షాన ఉన్నారు, 15వ శతాబ్దంలో రాచకొండ ఆ బహమనీల చేతికే పోయింది.

పద్యం పెట్టిన పాలమూరు అన్న: "అంత గొప్ప తటస్థత అయితే 2023లో నాటోలో ఎందుకు చేరారు?"

అన్నా, 1948లో వాళ్ల ముందు ఆ దారి లేదు. అప్పటికి నాటోనే పుట్టలేదు, అది 1949 ఏప్రిల్‌లో వచ్చింది. సోవియట్ యూనియన్ పోయాక 1992లో పాత ఒప్పందం రద్దయింది, 1995లో ఐరోపా సమాఖ్యలో చేరారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి చూశాక, రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్నవాళ్లు మళ్లీ లెక్క వేసుకున్నారు. 2023 ఏప్రిల్ 4న నాటోలో 31వ సభ్యదేశం అయ్యారు. ఇప్పుడు వాళ్లు దక్షుల సభలో కూర్చున్నట్టే. ఇకమీదట ఎక్కడైనా అన్యాయం చూస్తూ ఊరుకుంటే ఈ పద్యం మళ్లీ పెట్టండి, నేను మీ వైపే ఉంటాను.