ఫీడ్‌బ్యాక్‌లో 2.9 వచ్చింది, ప్రొజెక్టర్ మీద వేసి చూపించారు. అసలు ఈ ఫారం ఎవరు తయారు చేయాలి?

లంకలెక్కలు:

గోదావరి ఒడ్డున ఒక అటానమస్ కాలేజీ (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునేది) మాది, పేరు చెప్పను. స్టాటిస్టిక్స్ చెబుతాను, ఇది ఏడో సంవత్సరం. పోయిన శనివారం డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో హెచ్‌ఓడీ గారు పిల్లలు మా అందరికీ ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ స్కోర్లు పేర్లతో సహా ప్రొజెక్టర్ మీద వేశారు. నాది అయిదుకి 2.9, అందరికన్నా కింద. ఎవరూ ఏమీ అనలేదు గానీ, టీ తెచ్చిన అటెండర్ కూడా స్క్రీను చూసి నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు ఇంకా మనసులోంచి పోవడం లేదు.

తర్వాత అడిగి ఎక్సెల్ షీటు తెప్పించుకున్నాను. సెక్షన్‌లో 58 మంది ఉంటే నింపింది 11 మంది. అందులో నలుగురు ఇరవై ప్రశ్నలకీ వరసగా 1 నొక్కుకుంటూ పోయారు, ముగ్గురు వరసగా 5 నొక్కారు. చదివి నింపినట్టు కనిపించింది మిగతా నలుగురే, వాళ్ల సగటు 3.2. స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని కాబట్టి ఇది మరీ కడుపు మండించింది, ఫస్టియర్ పిల్లలు ఇలాంటి శాంపిల్ తెస్తే నేను రికార్డు మీద సంతకం పెట్టను.

ఇంక ప్రశ్నలు. "టీచర్ ప్రొజెక్టర్ వాడతారా?" నా క్లాసు పాత బ్లాకులో, అక్కడ ప్లగ్ పాయింటే సరిగ్గా లేదు. "క్లాసులు క్రమంగా జరిగాయా?" ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, రేవులో పంటు ఆపేశారు, లంకల నుంచి వచ్చే పిల్లలు పది రోజులు రాలేకపోయారు. వాళ్లకోసం రెండు చాప్టర్లు మళ్లీ చెప్పాను. అప్పటికే విన్నవాళ్లకి విసుగొచ్చే ఉంటుంది, ఒప్పుకుంటాను.

ఈ ఫారం ఎవరు తయారు చేశారంటే ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే కమిటీ) వాళ్లు "పైనుంచి వచ్చింది" అన్నారు. దీన్ని మార్చమని టీచర్లు అడగొచ్చా? ఎక్కడ అడగాలి? ప్రమోషన్‌కి ఇది అడ్డొస్తుందా?

రిటైర్డ్‌మాస్టారు:

ముందు కాస్త మంచినీళ్లు తాగమ్మా. నేను ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు ఒకసారి ఇదే పని చేశాను, నోటీసు బోర్డులో పెట్టించాను కూడా. ఆ ఏడాది స్టాఫ్ రూములో నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి.

ప్రమోషన్ సంగతి. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో క్యాస్ (లెక్చరర్ల ప్రమోషన్ల స్కీము) కింద బోధనకి చూసేది మీకు కేటాయించిన క్లాసుల్లో ఎన్ని తీసుకున్నారన్నదే. 80 శాతం, ఆ పైన అయితే గుడ్, 70 నుంచి 80 లోపు సంతృప్తికరం, 70 లోపు అయితే కాదు. అందులో పిల్లల స్కోరు లేదు. (ఎలా చెప్పారన్నది కూడా లేదు, అది వేరే బాధ.) ప్రైవేటు మేనేజ్‌మెంట్ నడిపే కాలేజీ అయితే మీ అపాయింట్‌మెంట్ ఆర్డరులో ఇంకేమన్నా రాశారేమో ఒకసారి చూసుకోండి.

ఎక్కడ అడగాలంటే, అటానమస్ కాలేజీలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది, హెచ్‌ఓడీ చైర్మన్, డిపార్ట్‌మెంట్ టీచర్లు సభ్యులు, బయటి నిపుణులు కొందరు. అది సిలబస్ కోసమే అనుకుంటారు అందరూ. బోధన, మూల్యాంకన పద్ధతుల్ని సూచించడం కూడా దాని పనుల్లో రాసే ఉంది, మీరు పట్టుకోవాల్సిన కొస అదే. అక్కడి నుంచి అకడమిక్ కౌన్సిల్‌కి వెళ్తుంది. అందులో హెచ్‌ఓడీలు కాక సీనియారిటీ మీద రొటేషన్‌లో నలుగురు టీచర్లు ఉండాలి. మీ కాలేజీలో ఆ నలుగురూ ఎవరో కనుక్కోండి. చాలాచోట్ల మినిట్స్ మీద సంతకం పెట్టేదాకా ఆ సంగతి వాళ్లకే తెలియదు, ఆయ్!

కంప్లయింటులా రాయకండి. ఒక్క పేజీ, అజెండా ఐటమ్‌గా ఇవ్వండి.

బ్యాక్‌బెంచ్_అమలాపురం:

మేడమ్, నేను స్టూడెంట్‌ని, వేరే కాలేజీ. మా దగ్గర ఫీడ్‌బ్యాక్ నింపితేనే హాల్‌టికెట్ డౌన్‌లోడ్ అవుతుంది. ఆరుగురు లెక్చరర్లు, ఒక్కొక్కరికి ఇరవై ప్రశ్నలు, 120 సార్లు నొక్కాలి. ఇంటర్నల్స్ మార్కులు అప్పటికి ఇంకా వేసి ఉండరు. రోల్ నంబరుతో లాగిన్ చేయించి పేరు కనపడదంటే ఎవడు నమ్ముతాడు? అందరం 5 కొట్టి బయటపడతాం. అందుకని మా లెక్చరర్లందరికీ 4.8 వస్తుంది, కంగ్రాట్స్.

కానీ ఫారం తీసేయమని మాత్రం అడక్కండి ప్లీజ్. మాకో సర్ ఉన్నారు, పసుపెక్కిపోయిన నోట్సు తెచ్చి డిక్టేట్ చేస్తారు, డౌటు అడిగితే "ఇంటర్‌లో చదవలేదా" అంటారు. ఆయన సంగతి మేం ఎవరికి చెప్పుకోవాలి?

కాగితంపడవ:

ఆ ఇరవై ప్రశ్నలు ఎక్కడివో నేను చెబుతాను. నాక్ (కాలేజీలకి గ్రేడులిచ్చే సంస్థ) వాళ్ల స్టూడెంట్ శాటిస్‌ఫ్యాక్షన్ సర్వేలోవి అయ్యుంటాయి. మొదటి ప్రశ్న సిలబస్ ఎంతవరకు పూర్తయింది అనే కదా, 85 నుంచి 100 శాతం అంటూ మొదలయ్యేది? అయితే అదే. అది మొత్తం కాలేజీ గురించి పిల్లల్ని అడిగే సర్వే, నాక్ వాళ్లే నేరుగా మెయిల్ పంపి అడుగుతారు. దాన్ని కాపీ కొట్టి ఒక్కో లెక్చరర్ మీద మార్కుల జాబితాగా వాడటం మన తెలివి. ఊరి రోడ్ల గురించి వేసిన సర్వే పట్టుకుని ఒక రిక్షా ఆయనకి మార్కులు వేసినట్టు. ఫైల్లో యాక్షన్ టేకెన్ రిపోర్టు అని ఒక కాగితం ఉండాలి కాబట్టి, ఆ యాక్షన్ మీ మీద తీసుకున్నారు.

బోర్డు మీటింగులతో ఏదో మారుతుందన్న ఆశ నాకైతే లేదు. మాస్టారు గారు మంచివారు కనుక చెబుతున్నారు.

వశిష్ఠ_టీచర్:

మారిన చోట్లు ఉన్నాయండి, చిన్నవే అనుకోండి. మా డిపార్ట్‌మెంట్‌లో అయిదుగురం కలిసి ఎవరి అనుమతీ అడక్కుండా రెండు పనులు మొదలుపెట్టాం. సెమిస్టర్ మధ్యలో చీటీలు ఇస్తాం, పేరు రాయక్కర్లేదు, రెండే ప్రశ్నలు: ఏది అర్థం కాలేదు, నేను ఏం మార్చుకోవాలి. ఇంటర్నల్స్ మార్కులు వేశాకే ఇస్తాం, దాంతో పిల్లలకి భయం ఉండదు. రెండోది, ఒకరి క్లాసులో ఇంకొకరు వెనక కూర్చుంటాం.

మొదటిసారి నా క్లాసుకి వచ్చిన కొలీగ్ ఏం చెప్పిందో తెలుసా? నాలుగో బెంచీ నుంచి బోర్డులో కింది మూడు లైన్లు కనపడటం లేదట, ముందున్న తలలు అడ్డం. ఫ్యాను టకటకలో నా మాట చివరి పదాలు వినపడటం లేదట. పన్నెండేళ్లు చెప్పాను, ఏ ఫారమూ నాకిది చెప్పలేదు. ఇప్పుడు బోర్డు పై సగమే వాడతాను.

ఇంకోటి, ఆడ టీచర్లకి స్కోరు ఎందుకు తగ్గుతుందో కూడా ఆలోచించండి. అమెరికాలో ఒక ఆన్‌లైన్ కోర్సులో టీచర్ల పేర్లు తారుమారు చేసి చూశారు, ఆ అధ్యయనం 2015లో అచ్చయింది. చెప్పింది ఎవరైనా సరే, మగ పేరు కనపడితే మార్కులు ఎక్కువ వేశారు. పిల్లలు కొద్దిమందే, దాన్నే వేదంలా పట్టుకోనక్కర్లేదు, కానీ మన స్టాఫ్ రూములో మగాళ్లకి "స్ట్రిక్ట్", మనకి "కోపిష్టి" అనే పేరు రావడం చూస్తూనే ఉన్నాం కదా.

లంకలెక్కలు:

అందరికీ థాంక్స్. కాగితంపడవ గారూ, మొదటి ప్రశ్న సిలబస్ గురించే, మీరన్నట్టే. మాస్టారూ, ఒక్క పేజీ రాశాను, బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే నెల ఉంది. పేర్లతో స్కోర్లు చూపించకూడదు, సగం మందైనా నింపకపోతే సగటు కట్టకూడదు, ప్రశ్నలు డిపార్ట్‌మెంటే రాసుకోవాలి, ఈ మూడే అడిగాను.

నిన్న చీటీలు ఇచ్చాను. 41 వచ్చాయి. ఇద్దరు బొమ్మలు గీశారు, ఒకడు క్యాంటీన్‌లో బజ్జీలు బాలేదని రాశాడు. 19 మంది మాత్రం ఇంచుమించు ఒకటే రాశారు, ప్రాబబిలిటీ లెక్కల్లో మధ్య స్టెప్పు వదిలేసి ఆన్సర్‌కి వెళ్లిపోతున్నానని. నోట్సు తీసి చూసుకున్నాను. నిజమే, వదిలేస్తున్నాను.

గురువారం ఆ లెక్కలు మళ్లీ చేస్తున్నా. హెచ్‌ఓడీ గారిని వచ్చి వెనక కూర్చోమన్నాను, సరేనన్నారు. టెన్షన్‌గానే ఉంది.