మీటియార్ 350కి 140 బదులు 150 లేదా 160 వెనుక టైరు వేయించవచ్చునా?

పల్నాటి ప్రయాణికుడు:

అందరికీ నమస్కారం. నేను నరసరావుపేటలో ఉంటాను, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియార్ 350 నడుపుతాను. బండితో పాటు వచ్చిన ముందు టైరు 100/90-19, వెనుక టైరు 140/70-17, రెండూ ట్యూబ్‌లెస్. వెనుక టైరు మార్చే సమయం వచ్చింది కనుక, ఎలాగూ డబ్బు పెడుతున్నప్పుడు అదే కొలత కాకుండా కాస్త వెడల్పాటిది వేయిస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను.

ఇందుకు కారణాలు రెండు. క్రూజర్ బండికి వెనుక నుంచి చూసినప్పుడు టైరు నిండుగా కనబడితేనే అందమని నా అభిప్రాయం, ఈ మాట దాచుకోవలసిన అవసరం లేదనుకుంటాను. రెండవది అసలు ఇబ్బంది. నేనూ నా భార్యా వినుకొండ, దోర్నాల మీదుగా తరచుగా శ్రీశైలం వెళ్తుంటాము. ఈమధ్య ఘాట్ రోడ్డులో మలుపు తిరిగేటప్పుడు బండి కొంతవరకు నెమ్మదిగా వాలి, ఆ తరువాత ఒక్కసారిగా పక్కకు ఒరిగినట్లు అనిపిస్తోంది, తడి రోడ్డు మీదనైతే వెనుక చక్రం మీద నమ్మకమే కుదరడం లేదు. టైరు వెడల్పు పెరిగితే నేలకు ఆనే రబ్బరు ఎక్కువై ఈ బెదురు తగ్గుతుందని ఇక్కడి మెకానిక్ ఒకరు చెప్పారు. 150/70-17, 150/60-17, 160/60-17 అనే మూడు కొలతలు నా దృష్టిలో ఉన్నాయి. వీటిలో ఏది పడుతుంది, ఏది పట్టదు, పట్టినా ఏమి మారుతుంది అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

చైన్‌గార్డు:

మీరు చెప్పిన మూడు కొలతలనూ ముందు లెక్క కట్టి చూద్దాము. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండవది ఆ వెడల్పులో సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు ఎంత శాతమో చెప్పేది, మూడవది అంగుళాలలో రిమ్ము వ్యాసం. 17 అంగుళాలంటే దాదాపు 432 మి.మీ. మీ ప్రస్తుత టైరు సైడ్‌వాల్ 98 మి.మీ. కనుక పైనా కిందా కలుపుకుంటే మొత్తం వ్యాసం 628 మి.మీ. అవుతుంది. 150/70 వేస్తే అది 642కి పెరుగుతుంది, 150/60 వేస్తే 612కి తగ్గుతుంది, 160/60 వేస్తే 624 దగ్గర ఆగుతుంది.

వ్యాసం 14 మి.మీ. పెరిగితే బండి వెనుక భాగం అందులో సగం, అంటే 7 మి.మీ. పైకి లేస్తుంది. సైడ్ స్టాండు మీద బండి ఇప్పటికంటే కొంచెం ఎక్కువ ఒరుగుతుంది. గేరింగు రెండు శాతం పైచిలుకు బరువెక్కుతుంది కనుక, ఇప్పుడు ఇంజిను 4000 ఆర్‌పీఎం దగ్గర తిరిగే వేగానికి అప్పుడు దాదాపు 3910 చాలు. చదును రోడ్డు మీద ఇది హాయిగానే ఉంటుంది గాని, 349 సీసీ ఇంజినుతో, 191 కిలోల బండి మీద ఇద్దరు కూర్చుని, సామానుతో ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగవలసిన చోట రెండుకు దిగవలసి రావచ్చు. 150/60 వేస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకం, బండి కిందికి దిగుతుంది, అదే వేగానికి ఇంజిను ఎక్కువ తిరుగుతుంది. అప్పటికే నేలకు దగ్గరగా ఉండే క్రూజరును ఇంకా దించడం నాకు సమ్మతం కాదు.

వ్యాసం కంటే ముఖ్యమైనది పక్క ఖాళీ. వెడల్పు 10 మి.మీ. పెరిగితే ఒక్కొక్క వైపు 5 మి.మీ. పోతుంది, 20 పెరిగితే 10 పోతుంది. టైరు మీద 150 అని ఉన్నంత మాత్రాన అది కచ్చితంగా 150 ఉండదు, ఒకే అంకె వేసిన రెండు కంపెనీల టైర్లను పక్కపక్కన పెడితే కొన్ని మిల్లీమీటర్ల తేడా కనిపిస్తుంది. అందుచేత ఎవరి బండికో పట్టిందన్న మాటను ఆధారంగా తీసుకోకుండా మీ బండిని మీరే కొలవండి. మెయిన్ స్టాండు వేసి, చైను బిగువు సరిగా ఉందో లేదో చూసి, టైరు అంచుకూ చైనుకూ మధ్య ఆరు పలకల అలెన్ కీలను ఒక్కొక్కటిగా, 5, 6, 8, 10 మి.మీ. వరుసలో దూర్చండి. చక్రాన్ని నిదానంగా ఒక పూర్తి చుట్టు తిప్పుతూ అన్నిచోట్లా ఏ కీ తగలకుండా పోతుందో రాసుకోండి. ఏ టైరూ చక్కగా గుండ్రంగా తిరగదు, ఒకచోట లోపలికీ మరొకచోట బయటికీ ఉంటుంది, మనకు కావలసినది అన్నిటికంటే ఇరుకైన చోటు కొలత. పరుగులో ఉన్నప్పుడు చైను పక్కలకు ఊగుతుందని కూడా గుర్తు పెట్టుకోవాలి. కొత్త టైరు పడిన తరువాత కనీసం 5 మి.మీ. మిగలని చోట నేనైతే ఆ టైరు వేయించను, ఎందుకంటే రోజూ చైను అంచు రాసుకునే సైడ్‌వాల్ ఏదో ఒక రోజు హైవే మీదే తెగుతుంది.

రెండవ వైపు, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కూ, ముందు భాగంలో స్వింగ్ ఆర్మ్ అడ్డ గొట్టానికీ ఉన్న ఖాళీని కూడా చూడండి. చైను సాగినకొద్దీ ఇరుసును వెనక్కి జరుపుతాము కనుక, పాత చైనుతో సరిపోయిన టైరు కొత్త చైను సెట్ వేసి ఇరుసును ముందుకు తెచ్చిన రోజున అడ్డ గొట్టానికి తగలవచ్చు. ఇద్దరు కూర్చుని గుంతలో పడినప్పుడు షాక్ అబ్జార్బర్లు పూర్తిగా నొక్కుకుంటాయి, అప్పుడు మడ్‌గార్డు లోపలి వైపు పొడుచుకు వచ్చిన బోల్టులు టైరుకు ఎంత దగ్గరగా వస్తాయో తడిమి చూడడం మరిచిపోవద్దు.

టైర్ల కొట్టు, తెనాలి:

పైన చెప్పిన లెక్క సరిగ్గా ఉంది. నేను రిమ్ము గురించి చెబుతాను, మా కొట్టుకు వచ్చేవారిలో నూటికి తొంభై మంది దీన్ని అడగరు.

ప్రతి టైరునూ ఒక ప్రామాణిక రిమ్ము వెడల్పును దృష్టిలో ఉంచుకుని తయారుచేస్తారు. 160/60-17 టైరుకు ఆ ప్రమాణం నాలుగున్నర అంగుళాలు. అంతకంటే బాగా సన్నని రిమ్ము మీద దాన్ని ఎక్కిస్తే రెండు అంచులూ లోపలికి నొక్కుకుపోయి, నడుమ భాగం ఉబ్బి, టైరు కోడిగుడ్డు మొనలాగా తయారవుతుంది. చూడడానికి నిండుగానే ఉంటుంది గాని నేలకు ఆనేది ఆ నడుమ పట్టీ మాత్రమే, అంచుల రబ్బరు కొత్తగానే ఉండి మధ్యభాగం త్వరగా అరిగిపోతుంది. మీ అల్లాయ్ చక్రం మీద రిమ్ము వెడల్పు పోత పోసి ఉంటుంది, దాన్ని చదివి, మీరు కొనదలచిన టైరు కంపెనీ ఇచ్చే రిమ్ముల పట్టికతో సరిచూడండి. ఆ పట్టికలో లేని జత అయితే నేను బిగించను, ఎంత డబ్బు ఇచ్చినా సరే.

వెడల్పు పెరిగితే నేలకు ఆనే రబ్బరు పెరుగుతుందన్న మాట కూడా అందరూ అనుకునేంత నిజం కాదు. టైరు మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి, ఈ రెండే ప్రధానంగా ఆ ముద్ర వైశాల్యాన్ని నిర్ణయిస్తాయి. అదే బరువు, అదే గాలి ఉన్నప్పుడు వెడల్పు టైరు ముద్ర అడ్డంగా పెరిగి పొడవులో తగ్గుతుంది, మొత్తం దాదాపు అంతే ఉంటుంది. తడిలో పట్టు ఇచ్చేది రబ్బరు మిశ్రమం, గాడుల లోతు, సరైన గాలి.

150/60-17 విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. మన బజారులో ఆ కొలతలో సులభంగా దొరికేవి స్పోర్ట్స్ బండ్ల కోసం చేసిన రేడియల్ టైర్లు (లోపలి దారాల పొరలు నేరుగా అడ్డంగా ఉండేవి), వాటి మీద అంకెల మధ్య ఆర్ అక్షరం ఉంటుంది. మీ ముందు టైరు బయాస్ రకం, అంటే ఆ పొరలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి అల్లుకుని ఉండేది. ముందు బయాస్, వెనుక రేడియల్ వేసుకోవడాన్ని బండి కంపెనీ గాని టైరు కంపెనీ గాని ఒప్పుకుంటే తప్ప చేయకూడదు, రెండింటి సైడ్‌వాల్ వంగే తీరు వేరు. ఏ టైరు కొన్నా అంకెల పక్కన ఉన్న బరువు సూచికను చూడండి. 66 అంటే 300 కిలోలు, అంతకు తగ్గవద్దు. దాని పక్కన ఉండే పి అక్షరం గంటకు 150 కి.మీ. వేగ పరిమితిని సూచిస్తుంది.

ఇప్పుడు మీరు వర్ణించిన లక్షణం గురించి. కొంతవరకు నెమ్మదిగా వాలి, ఆపైన ఒక్కసారిగా ఒరిగిపోవడం అనేది నడుమ చదునుగా అరిగిపోయిన టైరు చేసే పని. తిన్నని హైవే మీద ఎక్కువగా తిరిగే బండి టైరు మధ్యలో బల్లపరుపుగా అరిగి, పక్కల ఒక అంచు ఏర్పడుతుంది. మలుపులో బండి వాలుతూ ఆ అంచు దాటేటప్పుడు మీకు ఆ కుదుపు తెలుస్తుంది. ఒక తిన్నని స్కేలును టైరుకు అడ్డంగా ఆనించి చూడండి. గాడుల మధ్య టీడబ్ల్యూఐ అనే, అరుగుదల హద్దును చూపే చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు వాటి మట్టానికి వచ్చిందేమో కూడా గమనించండి. సైడ్‌వాల్ మీద అండాకారపు గడిలో ఉండే నాలుగు అంకెలలో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి.

దోర్నాల దారి:

మీరు వెళ్లే దారిలోనే నేనూ తిరుగుతుంటాను కనుక ఘాట్ మలుపుల గురించి మాత్రమే రాస్తాను. బండి వాలినప్పుడు టైరు నేలకు ఆనే చోటు నడి గీత నుంచి మలుపు లోపలి వైపుకు జరుగుతుంది. టైరు ఎంత వెడల్పైతే ఆ జరుగుడు అంత ఎక్కువ. దాన్ని సరిపుచ్చడానికి అదే మలుపును, అదే వేగంతో తిరగాలన్నా బండిని ఇప్పటికంటే మరికొంత వాల్చవలసి వస్తుంది. స్పోర్ట్స్ బండికి ఇది పెద్ద లెక్క కాదు, వాల్చడానికి దానికి చోటుంది. మీటియార్‌కు కాళ్లు పెట్టుకునే పెగ్గులు ముందుకు, కిందికి ఉంటాయి, అవి నేలను గీసే దాకా ఉన్న అవకాశమే తక్కువ. వెనుక మనిషి కూర్చుని స్ప్రింగులు అణిగినప్పుడు అది ఇంకా తగ్గుతుంది. ఉన్న కొద్దిపాటి చోటును కూడా టైరు వెడల్పు కోసం ఖర్చు చేయడం ఘాట్ దారులలో తిరిగేవారికి మంచిది కాదు.

వెడల్పు వెనుక టైరు, సన్న ముందు టైరు కలిసినప్పుడు బండి ఒక వైపు నుంచి మరొక వైపుకు మారడం మందగిస్తుంది. ఎడమ మలుపు ముగియగానే కుడి మలుపు వచ్చే చోట హ్యాండిల్ మీద చేతులకు ఆ బరువు స్పష్టంగా తెలుస్తుంది. హార్లే డేవిడ్‌సన్ 2018 ఫ్యాట్ బాయ్‌కు వెనుక 240/40-18 ఇచ్చిందంటే, దాని ముందు టైరే 160 వెడల్పు, స్వింగ్ ఆర్మ్, చక్రాలు, బెల్టు దారి అన్నీ ఆ కొలతకే గీసి కట్టినవి. అలా కట్టిన బండి అందం నాకూ ఇష్టమే. మన బండికి ఆ ఏర్పాటు లేదు.

ఆర్సీ బుక్కు:

ఒక చిన్న చేర్పు. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. టైరు కొలత ఒక మెట్టు మారితే దారిలో ఎవరూ ఆపి అడగకపోవచ్చు. ప్రమాదం జరిగి బీమా సర్వేయరు బండిని చూసిన రోజున మాత్రం, కంపెనీ పుస్తకంలో లేని టైరు, రాసుకుపోయిన చైన్ గార్డు మీకు వ్యతిరేకంగా మాట్లాడవచ్చు. బండి వారంటీలో ఉంటే సర్వీసు కేంద్రంలో ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

పల్నాటి ప్రయాణికుడు:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం బండిని స్టాండు మీద పెట్టి చెప్పిన విధంగానే కొలిచాను. చైను వైపు ఒకచోట వదులుగా దూరిన అలెన్ కీ, చక్రం అరచుట్టు తిరిగేసరికి టైరుకు రాసుకుంటూ కదిలింది. ఆ ఇరుకు చోట 160 అన్నది ఆలోచించవలసిన కొలతే కాదని అర్థమైంది. 150 వేస్తే మిగిలేది చైన్‌గార్డు గారు చెప్పిన 5 మి.మీ. కంటే తక్కువే. స్కేలు ఆనించి చూస్తే టైరు నడుమ నాలుగు వేళ్ల మేర పూర్తిగా చదునుగా ఉంది, దిమ్మెలు రబ్బరుతో సమానమయ్యాయి, రెండు అంచుల దగ్గర మాత్రం గాడులు లోతుగానే ఉన్నాయి. తెనాలి వారు చూడకుండానే చెప్పినది అక్షరాలా సరిపోయింది.

కనుక 140/70-17 కొలతలోనే, తడిలో పట్టు బాగుంటుందని పేరున్న బయాస్ టైరు తీసుకోవాలని నిశ్చయించాను. ముందు టైరుకు ఇంకా గాడులు ఉన్నాయి. దాన్ని అలాగే ఉంచవచ్చునా? కొత్త టైరు వేసిన వెంటనే ఘాట్ ఎక్కవచ్చునా?

టైర్ల కొట్టు, తెనాలి:

ముందు టైరుకు పగుళ్లు లేకుండా, తయారైన తేదీ మరీ పాతది కాకుండా ఉంటే ఉంచుకోండి. వెనుక టైరు బిగించేటప్పుడు వాల్వు కూడా కొత్తది వేయించి, చక్రం బ్యాలెన్సింగ్ చేయించండి, సైడ్‌వాల్ మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సరు పళ్ల చక్రానికి టైరు లివర్ తగలకుండా మిషను మీద విప్పే కొట్టులోనే పని చేయించండి.

కొత్త రబ్బరు మీద నున్నటి పొర ఉంటుంది కనుక మొదటి 150 కిలోమీటర్ల దాకా గట్టిగా వాల్చడం, ఒక్కసారిగా బ్రేకు వేయడం వద్దు, ఆ దూరం మైదానపు రోడ్డు మీదే పూర్తిచేసి తరువాత శ్రీశైలం బయలుదేరండి. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఇంటి నుంచి బయలుదేరే ముందు పట్టించండి. ఇద్దరు కూర్చునేటప్పుడు వెనుక టైరుకు ఎంత ఉండాలో బండి పుస్తకంలో విడిగా ఇచ్చి ఉంటుంది, ఆ అంకెనే పాటించండి.