ఏంటెన్నా నుంచి తిరిగివచ్చే శక్తి ట్రాన్స్‌మీటర్‌ను కాల్చివేస్తుందా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. మేడ మీద 7.1 మెగాహెర్ట్జ్‌కు కట్టుకున్న డైపోల్ (రెండు తీగల ఏంటెన్నా) ఎస్.డబ్ల్యు.ఆర్. (ఏంటెన్నా కేబులుకు ఎంత సరిపోలిందో చెప్పే నిష్పత్తి, 1 అయితే పూర్తిగా సరిపోలినట్లు) వానలు వెళ్ళాక 3కు పెరిగింది. 100 వాట్ల సెట్టు ఇప్పుడు 40 వాట్లే పంపుతోంది. అందులో 10 వాట్లు వెనక్కి వస్తున్నట్లు మీటరు చూపుతోంది. ఆ 10 వాట్లు ట్రాన్సిస్టర్లను కాల్చివేస్తాయా? కేబులును మరో 7 మీటర్లు పెంచితే సరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నారు.

జవాబు: మీ మీటరు లెక్క సరైనదే. ఎస్.డబ్ల్యు.ఆర్. 3 ఉన్నచోట పంపినదానిలో నాలుగో వంతు తిరిగివస్తుంది. అయితే తిరిగివచ్చినదంతా ట్రాన్సిస్టర్లలోనే వేడిగా మారుతుందనుకోవడం పొరపాటు. తిరుగు తరంగం వెళ్ళే తరంగంతో కలిసి, 50 ఓమ్‌ల లోడు (శక్తిని అందుకునే నిరోధం) ఉండవలసిన ఆంప్లిఫైయర్ ఎదుట మరొక లోడును నిలబెడుతుంది. ఆ లోడు ఓమ్‌లు ఎక్కువైతే ట్రాన్సిస్టరు మీద వోల్టేజి హద్దు దాటవచ్చు, తక్కువైతే కరెంటూ దానితోపాటు వేడీ పెరుగుతాయి. ఏది జరుగుతుందన్నది కేబులు పొడవు మీద కూడా ఆధారపడుతుంది. మామూలు పాలిథిన్ ఇన్సులేషన్ కేబులులో మీ ఫ్రీక్వెన్సీకి పావు తరంగదైర్ఘ్యం సుమారు 7 మీటర్లే గనుక, మీ మిత్రుడి సలహా పాటిస్తే 150 ఓమ్‌లు ఉన్నచోట 17, లేదా 17 ఉన్నచోట 150 కనబడవచ్చు, ఎస్.డబ్ల్యు.ఆర్. మాత్రం దాదాపు కదలదు.

మీ సెట్టు పాడైపోలేదు. లోపలి డైరెక్షనల్ కప్లర్ (వెళ్ళే, తిరిగివచ్చే శక్తులను విడివిడిగా పసిగట్టే భాగం) తిరుగు శక్తిని పసిగట్టి డ్రైవ్‌ను, అంటే ఆంప్లిఫైయర్‌కు అందే సంకేతాన్ని, తగ్గిస్తున్నందువల్లనే 40 వాట్లు వస్తున్నాయి. దయచేసి ఆ రక్షణ సర్క్యూట్‌ను ఎవరు చెప్పినా తీసివేయకండి. ముందుగా ఏంటెన్నాకు బదులు డమ్మీ లోడు (శక్తిని వేడిగా మార్చే 50 ఓమ్‌ల నిరోధకం) తగిలించి చూడండి. 100 వాట్లూ వస్తే లోపం మేడ మీదే ఉన్నట్లు. మన సముద్రపు గాలికి కనెక్టర్లు త్వరగా చెడిపోతాయి కాబట్టి నా అనుమానం అక్కడే.

ప్రశ్నించినవారు: మాస్టారూ, డమ్మీ లోడు మీద 100 వాట్లూ వచ్చాయి. డైపోల్ మధ్య కనెక్టరు విప్పితే అల్లిక తీగ పచ్చగా చిలుమెక్కి ఉంది. రాగి మెరిసేవరకు కేబులు కోసి కొత్త కనెక్టరు వేశాను, ఎస్.డబ్ల్యు.ఆర్. 1.3కు దిగింది.

జవాబు: సంతోషం. అయినా మిగిలిన కేబులు లోపలికి నీరు దిగిందేమో చూడండి, ఎందుకంటే 3 డెసిబెల్‌లు, అంటే సగం శక్తిని, మింగే కేబులు ఏంటెన్నా దగ్గరి ఎస్.డబ్ల్యు.ఆర్. 3ను సెట్టు దగ్గర 1.7గా చూపి మభ్యపెడుతుంది. కొత్త జాయింటుకు తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, నీరు కారిపోయేలా కేబులును కొంచెం కిందికి వంచి కట్టండి.